మాస్క్ తీయించేది మనమే



సంక్రాంతి సెలవులయ్యాక పిల్లల డైరీలో పిన్ కొట్టి ఒక కాగితం వచ్చింది, చూసే ఉంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిబ్రవరిలో రెండు రోజుల టూరు. హైదరాబాద్ శివార్లలో ఒక అడ్వెంచర్ పార్కు. ఆటల జాబితాలో నాలుగో వరసలో ‘పెయింట్‌బాల్, ఒక సెషన్’. కింద మన సంతకానికి గీత. పదో తరగతి వాళ్ళకి పబ్లిక్ పరీక్షలు కాబట్టి వాళ్ళ డైరీలో ఈ కాగితం లేదు, పాపం.

ఆ సాయంత్రమే మన నూజివీడు క్యాంపస్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. ‘‘చదువుకోమని పంపిస్తే తుపాకులిచ్చి కాల్చుకోమంటారా?’’ అని ఒకరు. ‘‘రంగే కదండీ, హోలీ లాంటిదే, ఎందుకంత కంగారు?’’ అని ఇంకొకరు. రాత్రి పదకొండు దాకా నడిచింది. నేను అప్పుడేమీ రాయలేదు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదనిపించి, ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల్ని పంపండి, మంచి ఆట. కానీ అది హోలీ లాంటిది మాత్రం కాదు. ఆ ఆటలో దెబ్బలు తగులుతాయి, నాలుగు రోజుల్లో మానిపోతాయి. మాననిది ఒక్కటే, కన్ను. కన్నుకి అడ్డం ఉండేది ఒక్క మాస్కే. దాన్ని మైదానంలో తీయించేది చాలాసార్లు పిల్లలు కాదు, పెద్దవాళ్ళం. నేను తీశాను కాబట్టి చెబుతున్నాను.

మొన్న దసరాకి మా అత్తగారి తరఫు వాళ్ళందరం కలిసి హైదరాబాద్ వెళ్ళాం. ఊరి బయట ఒక రిసార్టు. దాని పేరు ఇక్కడ అనవసరం, తప్పు వాళ్ళకంటే నాది ఎక్కువ. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ నేనూ ఒక జట్టు. లోపలికి వెళ్ళేముందు అక్కడి కుర్రాడు ఏదో గబగబా చెప్పాడు. నేను మా అమ్మాయికి ఇంకోసారి గట్టిగా చెప్పాను, ‘‘ఏం జరిగినా మాస్క్ తీయకు’’ అని. పది నిమిషాలు బాగానే ఆడాం. మాస్క్ లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడట్లేదు, చెమట. ఇంతలో వల అవతల నుంచి మా బావమరిది, ఫోన్ ఎత్తి పట్టుకుని, ‘‘బావా, ఒకసారి ఇటు చూడు, మాస్క్ పైకి లేపు, ఫోటో!’’ అన్నాడు. లేపాను. నవ్వాను కూడా.

బంతి కుడి కణత మీద తగిలింది. కంటికి రెండు వేళ్ళ దూరం. ఒక్క క్షణం ఎవరో సుత్తితో కొట్టినట్టనిపించింది. కిందకి కారింది రక్తమా రంగా అని తుడుచుకుని చూసుకున్నాను. నారింజ రంగు. పది రోజులు అక్కడ మచ్చ, పుల్ల గుచ్చుకున్న రసం పండు మీద నల్లబడినట్టు. కాల్చినవాడు పన్నెండేళ్ళ మా తోడల్లుడి కొడుకు. వాడి తప్పేమీ లేదు, ఆట ఆడుతున్నాడు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. మా అమ్మాయి కారులో ఒక్కటే మాట అంది. ‘‘నాన్నా, తీయొద్దని చెప్పింది నువ్వే కదా.’’

ఆ రెండు వేళ్ళ దూరం గురించి తర్వాత చాలా చదివాను, ఒక కంటి డాక్టరు గారిని అడిగాను కూడా. ఆయన చెప్పింది మీకు కూడా చెప్పాలి, ఎందుకంటే ‘రంగే కదా’ అనేవాళ్ళకి జవాబు అందులోనే ఉంది.

పెయింట్‌బాల్ బంతి పెద్ద గోళీకాయంత ఉంటుంది. అడ్డంగా సుమారు 17 మిల్లీమీటర్లు, బరువు 3 గ్రాములు. పైన మందు క్యాప్సూల్స్‌కి వాడే జెలటిన్ పొర, లోపల నీళ్ళతో కడిగితే పోయే రంగు ద్రవం. (జెలటిన్ జంతువుల నుంచి తీసేది, పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు తెలుసుకోవాలని చెబుతున్నాను.) పెద్దల ఆటలో దాని వేగం సెకనుకు 300 అడుగులు మించకూడదని చాలాచోట్ల పెట్టుకున్న హద్దు. అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్లు, మంచి ఫాస్ట్ బౌలర్ వేసే బంతికి రెట్టింపు పైనే. అద్దెకిచ్చే మైదానాల్లో 280, ఇంకా తక్కువ కూడా పెడతారు. వీపు మీద తగిలితే చురుక్కుమంటుంది, ఒక రూపాయి బిళ్ళంత కందుతుంది, అంతే.

కన్ను సంగతి వేరు. కంటి చుట్టూ ఎముకల గట్టు ఉంది కదా, అది దేవుడు కట్టిన ప్రహరీ. క్రికెట్ బంతి వచ్చి తగిలితే దెబ్బలో ఎక్కువ భాగం ముందు ఆ గట్టు తీసుకుంటుంది. ఎముక విరగొచ్చు, కుట్లు పడొచ్చు, కన్ను చాలాసార్లు బతుకుతుంది. గోళీకాయంత బంతికి ఆ గట్టు అడ్డం రాదు. సందులోంచి నేరుగా వెళ్ళి కనుగుడ్డుకే తగులుతుంది. కంటి లోపల రక్తం చేరడం, లోపలి కటకం జారిపోవడం, వెనకున్న రెటీనా చిరగడం లేదా ఊడిపోవడం, అప్పటికి బాగైనట్టే ఉండి కొన్నేళ్ళ తర్వాత నీటికాసులు రావడం, ఇవన్నీ ఒక్క బంతితో జరిగినవే. ప్రపంచంలో ఎక్కడ ఈ ఆట వల్ల కన్ను పోయిన కేసులు చూసినా, వాటిలో అత్యధికం ఆ క్షణానికి కంటి మీద మాస్క్ లేనివాళ్ళవే. ఆవిరి తుడుచుకుందామనో, ఆట అయిపోయిందనుకునో, నాలాగా ఫోటో కోసమో తీసినవాళ్ళు.

మామూలు కళ్ళజోడు, ఈత కొట్టే గాగుల్స్, బైక్ హెల్మెట్, వెల్డింగ్ అద్దాలు, ఇవేవీ ఈ బంతికి పనికిరావు. పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్క్ కావాలి. అది కళ్ళనే కాదు, ముఖాన్నీ చెవుల్నీ కప్పుతుంది. సరైన మాస్క్ మీద ‘ఏఎస్‌టీఎం ఎఫ్1776’ అన్న ప్రమాణం అచ్చు వేసి ఉంటుంది. టూరులో టీచరు గారు పది మాస్క్‌లు తిప్పి చూస్తే రెండు నిమిషాల పని. అద్దం మీద చీలిక ఉంటే ఆ మాస్క్ పక్కన పెట్టేయాలి, గీతలు పడి మసకబారినా అంతే. కనబడకపోతే పిల్లలు తీస్తారు, అది మానవ స్వభావం. రెండు పొరల అద్దం ఉన్న మాస్క్‌లకి ఆవిరి తక్కువ పడుతుంది. అవే అడగాలి.

ఇప్పుడు ‘తుపాకీ ఆటలు’ అన్నవాళ్ళ దగ్గరికి వస్తాను. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో చిన్నప్పుడు దీపావళి రీళ్ళ పిస్తోలు తప్ప ఇంకోటి తెలియదు. కానీ ఈ ఆట ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీకు కొంచెం ఊరటగా ఉంటుంది. రంగు బంతుల్ని పేల్చే పిస్తోలు మొదట చేసింది అడవుల్లో పనిచేసేవాళ్ళ కోసం. కొట్టాల్సిన చెట్టు దూరంగా ఉంటే నడిచి వెళ్ళకుండా దాని మీద గుర్తు పెట్టడానికి. పశువుల మందల్లో గుర్తులకీ వాడేవారు. అందుకే ఆటలో ఇప్పటికీ దాన్ని గన్ అనకుండా ‘మార్కర్’ అంటారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 1981 జూన్ 27న పన్నెండు మంది అడవిలో జెండాలు పెట్టుకుని మొదటిసారి దీన్ని ఆటగా ఆడారు. పట్నం తెలివి గొప్పదా, అడవి తెలివి గొప్పదా అని స్నేహితుల మధ్య వాదన వచ్చి పెట్టుకున్న పందెం అది. గెలిచినాయన ఒక ఫారెస్టరు. జెండాలన్నీ తెచ్చాడు, ఒక్క బంతి కూడా కాల్చలేదు. చెట్ల మధ్య ఎలా నడవాలో, ఎప్పుడు ఆగాలో ఆయనకి తెలుసు, అంతే.

మామిడి చెట్ల కింద పెరిగిన మన పిల్లలకి ఇది కొత్త కథేమీ కాదు. మనం ఆడిన కోతి కొమ్మచ్చిలో గెలిచింది బలమైనవాడా, ఏ కొమ్మ ఎంత బరువు ఆపుతుందో తెలిసినవాడా? అలాగని ఆ రోజులు సురక్షితమని కూడా అననండి. కర్రాబిళ్ళ బిళ్ళ తగిలి కన్ను పోయిన మనిషి మన ఊళ్ళలో వెతికితే ఇప్పటికీ దొరుకుతాడు. కొబ్బరి ఈనెల బాణాలు, ఉండేలు రాళ్ళు ఎంతమంది కళ్ళు తీశాయో. అప్పుడు మాస్కూ లేదు, రిఫరీ లేడు, ఎవరూ సంతకం అడగలేదు.

ఆట నియమాలు మీకు తెలిస్తే మంచిది, ఎందుకంటే పిల్లలు బస్సెక్కే ముందు చెప్పాల్సింది మనమే. రెండు జట్లు. అవతలి వాళ్ళ జెండా తెచ్చినా, అవతలి వాళ్ళందర్నీ ఔట్ చేసినా గెలిచినట్టు. బంతి పగిలి ఒంటి మీదో చేతిలో ఉన్న మార్కర్ మీదో రంగు పడితే ఔట్. తగిలి పగలకుండా ఎగిరిపోతే ఔట్ కాదు. అనుమానంగా ఉంటే ఆగి రిఫరీని పిలవాలి, ఆయన చూసి చెప్పిందే ఆఖరు. ఔటైతే మార్కర్ని తల పైకెత్తి ‘ఔట్’ అని అరుస్తూ మైదానం బయటికి నడవాలి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. ఔటైపోయాం కదా అని అక్కడే మాస్క్ తీసేస్తారు. ఆట వాళ్ళకి అయిపోయింది గానీ గాల్లో బంతులకి ఆ సంగతి తెలియదు. వల దాటి, రిఫరీ ‘ఇక్కడ తీయొచ్చు’ అని చూపించిన చోటుకి చేరేదాకా మాస్క్ ముఖం మీదే ఉండాలి. మాస్క్ జారిపోయినా, పట్టీ తెగినా, అక్కడికక్కడ నేల మీద బోర్లా పడుకుని, ముఖం రెండు చేతుల్లో దాచుకుని అరవాలి. ముఖం మీద మాస్క్ లేని మనిషిని ఎవరు చూసినా, అది ఏ జట్టు మనిషైనా సరే, ‘ఆపండి’ అని అరవాలి, అందరూ కాల్చడం ఆపాలి. గెలుపూ ఓటమీ తర్వాత.

రంగు మచ్చని తుడిచేసుకుని ఏమీ తెలియనట్టు ఆడటం ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద సిగ్గు. నాకు ఈ ఆట నచ్చింది నిజానికి ఇందుకే. మార్కులూ ర్యాంకులూ నెగెటివ్ మార్కింగూ మధ్య పెరుగుతున్న పిల్లలు, ఎవరూ చూడకపోయినా తమంతట తాము చెయ్యెత్తి ‘నేను ఔట్’ అని చెప్పి బయటికి నడవడం. ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో దీనికి చాప్టరు లేదు కదండీ.

మిగతావి త్వరగా చెబుతాను. పది పదిహేను అడుగుల దగ్గర ఎదురుపడితే కాల్చకుండా ‘లొంగిపో’ అని అవకాశమివ్వడం మర్యాద, చాలా మైదానాల్లో నియమం కూడా. తలకి గురిపెట్టకూడదు. గోడ వెనక నుంచి చెయ్యి మాత్రం బయటపెట్టి చూడకుండా కాల్చకూడదు. ఔటైనవాడి మీద ఇంకో నాలుగు కొట్టకూడదు. చూడ్డానికి నిలబడినవాళ్ళ మీద, పక్షుల మీద, కుక్కల మీద గురి పెట్టడమే తప్పు. మైదానం బయట ఉన్నంతసేపూ మార్కర్ గొట్టానికి తొడుగు వేసి, సేఫ్టీ వేసి, నేలకి దించి పట్టుకోవాలి. కింద పడ్డ బంతులు ఏరి మళ్ళీ నింపకూడదు, మట్టీ తేమా పట్టి గొట్టంలోనే పగులుతాయి, గొట్టం శుభ్రం చేద్దామని పిల్లలు లోపలికి కన్ను పెట్టి చూస్తారు. గ్యాస్ సిలిండర్ బిగించడం, విప్పడం సిబ్బంది పనే, మన పిల్లాడు ఎంత తెలివైనవాడైనా సరే. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు. చెప్పులతో పంపకండి.

ఇక ఆ వాట్సాప్ చర్చలోనే ఒక సోదరుడు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ‘‘హైదరాబాద్ దాకా ఎందుకండీ, ఆగిరిపల్లి వైపు మీకు తోట ఉంది కదా. విజయవాడ నుంచి సామాను అద్దెకి తెప్పిద్దాం, ఖర్చు సగం.’’ మంచి మనసుతోనే అన్నారు. నాకూ ఒక నిమిషం సరదా పుట్టింది. వద్దని ఎందుకన్నానో ఇక్కడ చెబుతాను, ఎందుకంటే మనలో సగం మందికి ఎక్కడో ఒక చోట పదెకరాలో రెండెకరాలో తోట ఉంది, ఈ ఆలోచన మళ్ళీ ఎవరికైనా వస్తుంది.

జనవరి, ఫిబ్రవరి అంటే మనకి పూత, పిందె. తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ మందు కొట్టే రోజులు. నిన్న మందు కొట్టిన కొమ్మల కింద పిల్లలు పాకుతూ దొర్లుతూ ఆడటమంటే ఊహించండి. మన అంటు చెట్ల కొమ్మలు నిలువునా పెరగవు, పక్కకి వంగి నడుమెత్తులోనే ఉంటాయి. పదమూడేళ్ళ పిల్ల మాస్క్ పెట్టుకుని, పక్కచూపు సగం తగ్గి, వేగంగా పరిగెత్తితే ఎండు కొమ్మ సరిగ్గా మెడ దగ్గరికి వస్తుంది. కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకు, ఆ ఆకులో ఏముంటుందో మా తోట కాపలా పెద్దాయన్ని అడగండి. నేను ఈ సంగతి చెబితే ఆయన, ‘‘బాబూ, పిల్లోళ్ళు పొట్ట మీద పాకే ఆటైతే ఈ తోట వద్దు. నేనే కర్ర తట్టుకుంటా నడుస్తా,’’ అన్నాడు. పైగా మా పాత బావికి ఒక వైపు గట్టు లేదు.

ఇంకా ఉంది. ఎత్తి కాలిస్తే ఈ బంతి వంద గజాల దాకా పోతుంది. నిజమైన మైదానానికి చుట్టూ ఎత్తైన వల ఉండేది అందుకే. మా తోటకి ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క వేరేవాళ్ళ తోట, అందులో కూలి పనికొచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళ ముఖాలకి మాస్క్‌లెవరిస్తారు? పగలకుండా మిగిలిపోయిన బంతులు ఆకుల్లో పడి ఉంటాయి, కాపలా కుక్కలు తియ్యగా ఉన్నాయని తింటాయి. కుక్కలకి అవి విషం లాంటివి, తిన్న గంటల్లో వణుకు, వాంతులు, ప్రాణం మీదికి వస్తుంది. పూత మీద కౌలు మాట్లాడుకున్న వ్యాపారి వచ్చి, రంగు పడి రాలిన పిందెలు చూసి ఏమంటాడో అది వేరే లెక్క.

కాబట్టి ఈ ఆట దానికంటూ కట్టిన మైదానంలోనే ఆడాలి. రామోజీ ఫిల్మ్ సిటీలోని ‘సాహస్’ లాంటి చోట్లా, హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లోనూ వలలు, రిఫరీలు, మాస్క్‌లతో కలిపి పెట్టారు. అవి ఉన్నాయి కాబట్టి గుడ్డిగా నమ్మమని కాదు. అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు అని నా ఉద్దేశం.

అడిగే మనిషి లేని ఆట ఎలా ఉంటుందో 2025 దీపావళికి చూశాం. మధ్యప్రదేశ్‌లో, భోపాల్ చుట్టుపక్కల, ప్లాస్టిక్ గొట్టంతో చేసిన ‘కార్బైడ్ గన్’లు రోడ్ల మీద బొమ్మల్లా అమ్మారు. వంద రూపాయలు, నూటయాభై. సోషల్ మీడియాలో వీడియోలు చూసి పిల్లలు కొన్నారు, కొందరు ఇంట్లోనే చేసుకున్నారు. రెండు మూడు రోజుల్లో వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రులకి చేరారు, ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. కార్బైడ్ ముద్దకి నీళ్ళు తగిలి పుట్టే గ్యాస్‌ని లైటరుతో అంటిస్తే పేలుతుంది. పేలకపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? గొట్టంలోకి తొంగి చూస్తాడు. సరిగ్గా అప్పుడే పేలుతుంది.

ఆ గన్‌లు మొదట రైతులు కోతుల్ని తోలడానికి వాడినవి. ఇక ఆ కార్బైడ్ మనకి కొత్తదా? కాయ మగ్గబెట్టడానికి వాడకూడదని 2011 నుంచి ఆహార భద్రత నిబంధనల్లో స్పష్టంగా ఉంది, అయినా సీజన్ వస్తే అధికారులు పండ్ల గోడౌన్ల మీద దాడులు చేయాల్సి వస్తూనే ఉంది. దొడ్లో మూలన ఒక డబ్బాలో పొడి మిగిలి ఉన్న ఇల్లు మన దగ్గర ఒక్కటైనా లేదని మీరు అనగలరా? నేను మా షెడ్డు మూడుసార్లు వెతికించాను. పెయింట్‌బాల్ వద్దని గ్రూపులో రాసిన పెద్దలకి నా విన్నపం ఇదే. ఆ కోపంలో సగం ఇంట్లో ఉన్న ఉండేలు మీద, తిరునాళ్ళలో కొనిచ్చిన ప్లాస్టిక్ గుళ్ళ తుపాకీ మీద, ఆ డబ్బా మీద చూపించండి. బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసి 2021 జనవరి నుంచి ఇన్నేళ్ళయింది, బొమ్మ కొనేటప్పుడు ఆ గుర్తు ఎంతమందిమి చూశాం?

తిరిగి మన కాగితం దగ్గరికి. సంతకం పెట్టేముందు స్కూలుని అడగాల్సినవి అడుగుదాం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, మన సార్లకీ మేడమ్‌లకీ కూడా ఇది కొత్తే. పిల్లలకిచ్చేది పెద్దల బంతా, చిన్నదా? పిల్లల కోసం అర అంగుళం బంతి వేరే ఉంది, బరువు గ్రామున్నర లోపే, దెబ్బ సగానికి సగం తక్కువ. మన పిల్లలకి అదే ఇవ్వాలని నా పట్టు. ఆ రోజు మార్కర్ల వేగం కొలుస్తారా, ఎంత పెడతారు? కొలిచే పరికరాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు, ఆ మాట వాడితేనే అవతలివాళ్ళు మనల్ని కాస్త జాగ్రత్తగా చూస్తారు. ఒక్కసారి ఎంతమందిని లోపలికి వదులుతారు, ఎంతమంది రిఫరీలు? మన టీచర్లు ఎక్కడ నిలబడతారు? వల లోపల అయితే వాళ్ళకీ మాస్క్ ఉండాలి. ఆడటం ఇష్టం లేని పిల్లని ‘పిరికిది’ అనకుండా కూర్చోబెట్టడానికి నీడా, నీళ్ళూ ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, లోపల ఫోటోలు ఎవరు తీస్తారు?

నవ్వకండి. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో మీకు తెలుసు. టూరు రోజు పొద్దున్నుంచి గ్రూపులో మనమే మెసేజ్‌లు పెడతాం, ‘‘మేడమ్, మా బాబు ఫోటో ఒకటి పెట్టండి ప్లీజ్’’, ‘‘ముఖం కనిపించట్లేదు మేడమ్’’ అని. నలభై మంది తల్లిదండ్రులు అలా అడుగుతుంటే ఆ మేడమ్ పాపం ఏం చేస్తుంది? ‘‘ఒకసారి మాస్క్‌లు పైకి తీయండమ్మా’’ అంటుంది. నా ప్రతిపాదన ఇది. పెయింట్‌బాల్ సెషన్ నుంచి ముఖాలు కనిపించే ఫోటో ఏదీ అడగబోమని మనందరం ముందే గ్రూపులో రాసేద్దాం. రంగు పూసుకున్న బట్టలతో బస్సు దగ్గర తీసుకోవచ్చు. మాస్క్‌లతో ఉన్న ముప్ఫై మందిలో మన పిల్ల ఏదో పోల్చుకోవడం మనకంత కష్టమా?

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా దెబ్బ తగిలితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. ఇది పెయింట్‌బాల్‌కే కాదు, ఇంట్లో బిళ్ళ తగిలినా ఇదే. కన్ను నలపనివ్వకూడదు, నొక్కకూడదు. రెప్ప బలవంతంగా తెరవకూడదు. తల్లిపాలు, నెయ్యి, ఇంట్లో ఉన్న ఏవో చుక్కలు, ఏవీ వేయకూడదు. ఒక కాగితం కప్పు కన్నుకి తగలకుండా పైన బోర్లించి, అంచులు ఎముక మీద ఆనేలా టేపు వేయండి. తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ‘చూపు కనిపిస్తోంది కదా, రేపు చూద్దాం’ అనుకోవద్దు, లోపల రక్తం చేరినా మొదట్లో చూపు ఉండొచ్చు. మన దగ్గర అయితే విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. టూరులో అయితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ఫారంలో ముందే రాసి ఉండాలి. ఇప్పుడున్న ఫారంలో ఆ గడి లేదు. మన గ్రూపులో పది మందిమి అడిగితే వస్తుంది.

మావిడి సొన కంట్లో పడితే ఎంత మంటో కోతకెళ్ళే ప్రతి మనిషికీ తెలుసు. అందుకే చిక్కం ఎత్తేటప్పుడు కాయకి సరిగ్గా కింద నిలబడరు, ఒక అడుగు పక్కకి జరిగి ఎత్తుతారు. ఆ అడుగు వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పలేదు, మొదటి సీజన్లో ఒకసారి పడ్డాక నేర్చుకున్నారు. కంటి విషయంలో ఆ మొదటిసారి మన పిల్లలకి రాకుండా చూడటానికే ఇంత రాశాను.

నేను ఫారం మీద సంతకం పెట్టాను. మా అమ్మాయికి కళ్ళజోడు ఉంది, దసరాకి ఇచ్చిన మాస్క్ దాని మీద పట్టలేదు. కళ్ళజోడు తీసేసి సగం మసకలోనే ఆడింది, ఆ సంగతి నాకు ఆట అయ్యాక చెప్పింది. అందుకని ఫారం కింద ఖాళీలో రెండు ప్రశ్నలు రాశాను: కళ్ళజోడు మీద పట్టే మాస్క్‌లు ఎన్ని ఉన్నాయి, పిల్లలకి ఏ బంతి ఇస్తారు. పీఈటీ సార్ చదివి, పార్కుకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నారు. మన రెండు తరగతుల్లో కళ్ళజోడు పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో ఆయన లెక్క రాసుకుంటున్నారు. మీ పిల్లలకి ఉంటే ఆయనకి చెప్పండి. ఫారాలకి శనివారం ఆఖరు.